చీములో క్రిములు లేవన్న రిపోర్టుకు అర్థమేమిటి?

సంపాదక మహాశయా,

చక్కెర వ్యాధి ఉన్నవారి కాలిపుండ్ల గురించి ఇటీవల మీ పత్రిక ఆరోగ్య పుటలో వచ్చిన వ్యాసాన్ని శ్రద్ధగా చదివాను. రోజూ పడుకోబోయే ముందు అరికాళ్లు చూసుకోవాలనీ, చిన్న గాయమే కదా అని ఉపేక్షించరాదనీ అందులో వైద్యులు చెప్పిన మాటలు ప్రతి ఇంట్లోనూ గోడకు అతికించుకోదగినవి. అయితే చీము పరీక్ష సంగతిని మాత్రం ఒక్క వాక్యంతో సరిపెట్టారు: చీమును కల్చర్‌కు, అంటే అందులోని క్రిములను ప్రయోగశాలలో పెంచి చూసే పరీక్షకు పంపి, ఏ క్రిమి పెరిగితే దానికి పనిచేసే మందు వాడాలని. గుంటూరులో ముప్పై ఏళ్లకు పైగా సూక్ష్మజీవశాస్త్ర ప్రయోగశాలలో టెక్నీషియన్‌గా పనిచేసి పదవీ విరమణ చేసిన నాకు ఆ వాక్యం దగ్గరే మనసు నిలిచిపోయింది. ఏ క్రిమీ పెరగలేదని రిపోర్టు వస్తే ఏమనుకోవాలో అందులో లేదు. పెరగకపోవడం వేరు, పెంచకపోవడం వేరు. ఈ తేడాను మీ పాఠకుల ముందు పెట్టడానికే ఈ ఉత్తరం రాస్తున్నాను.

మా బావగారు తాడికొండ వైపు పత్తి, మిరప సాగు చేస్తారు. పదిహేనేళ్లుగా చక్కెర వ్యాధి ఉంది. కోసిన పత్తికట్టె మోడు అరికాలిలో దిగబడి, పైకి చిన్న చుక్కలా కనిపించిన గాయం లోపల గూడు కట్టి, నాలుగో రోజుకు కాలు వాచి, గదిలో అడుగుపెట్టనివ్వనంత దుర్వాసన మొదలైంది. పట్టణంలోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేర్చాము. అక్కడ దూది చుట్టిన పుల్లతో పుండు పైపైన తుడిచి, ఆ పుల్లను పొడి గొట్టంలో పెట్టి పరీక్షకు పంపారు. రెండు రోజులకు రిపోర్టు వచ్చింది. ఆ కాగితం ఇప్పటికీ నా దగ్గర ఉంది. పై భాగంలో, చీము కణాలు విస్తారంగా ఉన్నాయనీ, సన్నని గ్రామ్ నెగటివ్ కడ్డీలూ, గొలుసులుగా అమరిన గ్రామ్ పాజిటివ్ గుండ్రని క్రిములూ కనిపించాయనీ రాశారు. (గ్రామ్ స్టెయిన్ అనే రంగు అద్దే పద్ధతిలో క్రిములను సూక్ష్మదర్శిని కింద చూసి ఇలా పాజిటివ్, నెగటివ్ అని రెండు వర్గాలుగా చెబుతారు.) కింది భాగంలో, 48 గంటల తరువాత పెరుగుదల ఏమీ లేదని రాశారు. ఒకే కాగితంలో పైన క్రిములు ఉన్నాయి, కింద లేవు. ఆ రెండు మాటలకూ పొత్తు ఎలా కుదురుతుందని అడిగినవారు ఎవరూ లేరు. కింది మాటనే నమ్మి, అప్పటిదాకా ఇస్తున్న మందుల్లో, గాలి అక్కరలేని క్రిములను చంపే మెట్రోనిడజోల్‌ను ఆపేశారు. పది రోజులు తిరక్కుండా రెండు వేళ్లు తీసివేయవలసి వచ్చింది. వేళ్లు పోవడానికి ఆ రిపోర్టు ఒక్కటే కారణమని నేను అనను. చక్కెర అదుపులో లేదు, కాలికి రక్తప్రసారం సరిగా లేదు. కానీ తరువాత వేరొక చోట శస్త్రచికిత్స చేస్తూ లోపలి కండను చిన్న ముక్కగా తీసి, గాలి తగలకుండా పంపి, గాలి లేని జార్‌లో పెంచితే రెండు రకాల క్రిములు నిక్షేపంగా పెరిగాయి. అంతకుముందు వాడిన మందులకు గాలిలో బతికేవి చచ్చిపోయి, గాలి అక్కరలేనివి మాత్రం లోపల హాయిగా మిగిలాయన్నమాట.

అవాయు శ్వాసక్రియ గురించి మన పిల్లలు బడిలోనే చదువుకుంటారు. ఆక్సిజన్ లేకుండా బతకగల జీవులున్నాయని లూయీ పాశ్చర్ 1861లోనే చూపించాడు. వాటిలో కొన్నింటికి ఆక్సిజన్ అవసరం లేకపోవడమే కాదు, అది విషం కూడా. ఆక్సిజన్ కణంలోకి చేరినప్పుడు పుట్టే సూపర్ ఆక్సైడ్, హైడ్రోజన్ పెరాక్సైడ్ వంటి పదార్థాలను విరిచివేసే ఎంజైములు వీటికి లేకపోవడమో, చాలినంత లేకపోవడమో ఇందుకు ఒక ముఖ్యకారణం. ఇవి ఎక్కడినుంచో వచ్చేవి కావు. పంటి చిగుళ్ల సందుల్లో, పెద్దపేగులో, చర్మపు రంధ్రాల్లో మనతోనే కాపురముంటాయి. పెద్దపేగులో గాలి అక్కరలేని బ్యాక్టీరియా తక్కినవాటికి దాదాపు వెయ్యిరెట్లు ఉంటాయి. అపెండిక్స్ పగిలినా, పేగుకు చిల్లు పడినా, పన్ను పుచ్చి దవడలో చీము పట్టినా, రక్తప్రసారం తగ్గిన కాలిలో కండ కుళ్లినా అవకాశం అందుకునేవాటిలో ఇవి ముఖ్యమైనవి. ధనుర్వాతం తెలియనివారు మనలో లేరు. తుప్పు పట్టిన మేకు గుచ్చుకుంటే టీటీ ఇంజక్షన్ చేయించుకోవాలని పల్లెలో పెద్దవాళ్లు కూడా చెబుతారు. కానీ ధనుర్వాతాన్ని తెచ్చేది తుప్పు కాదు. మట్టిలో ఉండే ధనుర్వాతపు క్రిమి బీజాలు సన్నని లోతైన గాయంలోకి చేరడం, ఆ లోతులో గాలి ఆడకపోవడం కారణం. 1889లో జపాను శాస్త్రవేత్త కిటసాటో ఆ క్రిమిని మొట్టమొదట విడిగా పెంచిన పద్ధతి కూడా ఇదే సూత్రం మీద నడిచింది. కలగలుపుగా ఉన్న క్రిములను 80 డిగ్రీల వేడికి గురిచేస్తే తక్కినవి చచ్చి, బీజం కట్టినది మిగిలింది. దానిని హైడ్రోజన్ వాయువులో ఉంచి పెంచాడు. ఒక కొసన గుండ్రని బీజంతో డప్పు పుల్లలా కనిపించే ఆ కడ్డీని సూక్ష్మదర్శినిలో ఒకసారి చూసినవారు మరచిపోరు.

ఇటువంటి క్రిములను ప్రయోగశాలలో పెంచడం అసాధ్యమేమీ కాదు. కానీ పని ప్రయోగశాలలో మొదలుకాదు, రోగి మంచం దగ్గర మొదలవుతుంది. దూదిపుల్ల ఇందుకు పనికిరానిది. దూదిలో గాలి ఉంటుంది, తడి త్వరగా ఆరిపోతుంది, పైగా పుండు పైభాగాన చర్మం మీద ఉండే క్రిములే దానికి అంటుకుంటాయి. చీము గూడు కట్టిన చోట చర్మాన్ని శుభ్రంగా తుడిచి, సిరంజితో లోపలి చీమును లాగి, సిరంజిలో మిగిలిన గాలిని బయటికి నెట్టి, వెంటనే ప్రయోగశాలకు చేర్చాలి. అరగంటలో అందితే మంచిది. ప్లాస్టిక్ సిరంజి గోడలోంచి కూడా నెమ్మదిగా ఆక్సిజన్ లోపలికి చొరబడుతుందని చాలామందికి తెలియదు. సూదితో సహా పంపితే తీసుకునేవారికి గుచ్చుకునే ప్రమాదం ఉన్నందున, ఆక్సిజన్ లేకుండా తయారుచేసిన రవాణా గొట్టంలోకి చీమును ఎక్కించి పంపడం మరింత మేలు. కండ ముక్క అయితే అన్నిటికంటే శ్రేష్ఠం. ఇంకొక పొరపాటు నా ఉద్యోగకాలంలో వందలసార్లు చూశాను: పాలు, కూరల మాదిరిగా నమూనాను కూడా ఫ్రిజ్‌లో పెడితే చెడదని సిబ్బంది అనుకుంటారు. చల్లదనానికి ఈ క్రిములలో కొన్ని చచ్చిపోతాయి. చల్లబడిన ద్రవంలో ఆక్సిజన్ కూడా ఎక్కువగా కరుగుతుంది. కాబట్టి గది ఉష్ణోగ్రతలో ఉంచడమే సరి. అలాగని కనిపించిన ప్రతి నమూనాకూ ఈ పరీక్ష అడగడమూ తప్పే. కళ్లె, గొంతు నుంచి తీసిన స్వాబ్, మామూలుగా పట్టిన మూత్రం వంటి వాటిలో ఈ క్రిములు సహజంగానే ఉంటాయి లేదా చేరతాయి గనుక, అవి పెరిగినా వ్యాధికి కారణం అవేనని చెప్పలేము.

ఇక జార్ సంగతి. మెకింటాష్, ఫిల్డెస్ అనే ఇద్దరు 1916లో రూపొందించిన జార్ పేరుతోనే మేము పని నేర్చుకున్నాము. మొదటి ప్రపంచయుద్ధంలో కందకాల మట్టిలో గాయపడిన సైనికులకు, కండ కుళ్లి లోపల వాయువు పుట్టే గ్యాస్ గ్యాంగ్రీన్ సోకుతున్న రోజులవి. ఆ అవసరమే ఈ శాస్త్రాన్ని ముందుకు తోసింది. జార్‌లోకి హైడ్రోజన్‌ను పంపితే పల్లాడియం అనే లోహం సాయంతో అది లోపలి ఆక్సిజన్‌తో కలిసి నీరవుతుంది. తరువాత వచ్చిన పద్ధతిలో సిలిండరు అక్కరలేకుండా, ఒక పొట్లంలో పది మిల్లీలీటర్ల నీళ్లు పోసి మూత బిగిస్తే చాలు. హైడ్రోజన్, కార్బన్ డయాక్సైడ్ అందులోంచే పుడతాయి. కాసేపటికి జార్ లోపలి గోడ మీద సన్నని నీటి ఆవిరి పడుతుంది, మూత చేతికి గోరువెచ్చగా తగులుతుంది. లోపల ఆక్సిజన్ నీరవుతోందనడానికి అది గురుతు. దానితోపాటు మిథిలీన్ బ్లూ అద్దిన కాగితం ముక్క ఒకటి వేస్తాము. ఆక్సిజన్ ఉన్నంతసేపు నీలంగా ఉండి, పోయాక తెల్లబడుతుంది. తెల్లారి వచ్చి చూసేసరికి ఆ కాగితం ఇంకా నీలంగానే ఉంటే, ఆ జార్‌లోని ప్లేట్లమీద, అంటే క్రిములకు ఆహారం పోసి నమూనా గీసిన పళ్లేలమీద ఏదీ పెరగలేదని రాసే హక్కు మనకు లేదు. ఈ ఒక్క సంగతిని కొత్త కుర్రాళ్లకు ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. కృష్ణా తీరపు ఉక్కపోతలో పల్లాడియం గుళికలకు చెమ్మ పడితే అవి పనిచేయవు. వాడిన ప్రతిసారీ ఓవెన్‌లో వేడిచేసి ఆరబెట్టాలి. ఈ శ్రద్ధ లేనిచోట జార్ ఉన్నా లేనట్టే. ఇప్పుడు ఆస్కార్బిక్ ఆమ్లంతో పనిచేసే పొట్లాలు వచ్చాయి. వాటికి పల్లాడియమూ అక్కరలేదు, నీళ్లూ అక్కరలేదు. అంత సులువైన కాలంలో కూడా మూతబిగించిన డబ్బాలో కొవ్వొత్తి వెలిగించి, అది ఆరిపోగానే గాలి పోయిందనుకునేవారు ఉన్నారు. కొవ్వొత్తి ఆరేసరికి లోపల ఆక్సిజన్ తగ్గుతుందే గాని పోదు. ఆ డబ్బా కార్బన్ డయాక్సైడ్ కోరే క్రిములకు పనికివస్తుంది, వీటికి కాదు.

జార్ లేనిచోట కూడా చేయగలిగింది ఒకటుంది. మాంసపు తునకలను ఉడికించి ద్రవంలో వేసిన గొట్టాలను మేము రాబర్ట్‌సన్ గొట్టాలంటాము. మొదటి ప్రపంచయుద్ధకాలంలో మ్యూరియెల్ రాబర్ట్‌సన్ అనే శాస్త్రవేత్త యుద్ధగాయాల మీద చేసిన పరిశోధన వల్ల ఆమె పేరు ఆ గొట్టానికి నిలిచింది. వాడే ముందు దానిని పది పదిహేను నిమిషాలు మరిగే నీళ్లలో ఉంచితే కరిగిన గాలి పోతుంది. మాంసపు తునకలు మిగిలిన ఆక్సిజన్‌ను పీల్చుకుంటాయి. కొందరు పైన లిక్విడ్ పారాఫిన్ పొర కూడా పోస్తారు. ఆవకాయ జాడీలో నూనె పైకి తేలేలా పోసే మన ఇళ్లలోని అలవాటు ఎరిగినవారికి ఇది కొత్తగా అనిపించదు. గొట్టంలో మాంసం గులాబీరంగుకు తిరిగితే పెరిగిన క్రిమి చక్కెరలను పులియబెట్టే జాతిది. నల్లబడి కుళ్లువాసన వేస్తే మాంసకృత్తులను విరిచే జాతిది. నూరేళ్లు దాటినా ఆ గొట్టం చెప్పే మాటకు విలువ తగ్గలేదు.

పెంచడం సగం పని అయితే, పెరిగినదేమిటో చెప్పడం మిగతా సగం. జార్‌ను 37 డిగ్రీల వద్ద 48 గంటలు ఉంచాక గాని తెరవకూడదు. తొందరపడి 24 గంటలకే తెరిస్తే, అప్పుడే మొలకెత్తుతున్న సున్నితమైన క్రిములకు గాలి తగిలి అక్కడితో సరి. తెరిచిన క్షణంలో వచ్చే వాసనతోనే అనుభవమున్నవారికి సగం తెలిసిపోతుంది, అయితే వాసనకోసం ప్లేటును ముక్కు దగ్గర పెట్టుకోవడం ప్రమాదం, ఎవరూ చేయకూడదు. జార్‌లో పెరిగిందంతా అవాయు క్రిమి అనుకోవడం మరో పొరపాటు. ఇ.కోలి, స్టాఫిలోకాకస్ వంటివి గాలి ఉన్నా లేకున్నా పెరుగుతాయి. అందుకని ప్రతి రకం కాలనీని, అంటే ప్లేటు మీద చుక్కలా పెరిగిన క్రిముల గుంపును, రెండు ప్లేట్ల మీద గీసి, ఒకదాన్ని జార్‌లోనూ, ఒకదాన్ని మామూలు గాలిలోనూ ఉంచి, జార్‌లో మాత్రమే పెరిగిన దానినే ముందుకు తీసుకుపోవాలి. ఈ చీముల్లో సాధారణంగా ఒకటి కాదు, మూడు నాలుగు రకాలు కలిసి ఉంటాయి. వాటిని విడదీయడానికే రోజులు పడతాయి.

విడదీశాక ప్లేటు మీద మందు అద్దిన మూడు కాగితపు బిళ్లలు పెడతాము: 5 మైక్రోగ్రాముల వాంకోమైసిన్, 1000 మైక్రోగ్రాముల కనామైసిన్, 10 మైక్రోగ్రాముల కొలిస్టిన్. ఇవి మందు ఎంచుకోవడానికి కాదు, క్రిమి ఏ కుటుంబానిదో తెలుసుకోవడానికి. గ్రామ్ పాజిటివ్ అయితే సాధారణంగా వాంకోమైసిన్ చుట్టూ క్రిమి పెరగని ఖాళీవలయం ఏర్పడుతుంది. మూడింటికీ లొంగని గ్రామ్ నెగటివ్ కడ్డీ కనిపిస్తే బ్యాక్టీరాయిడ్స్ ఫ్రాజిలిస్ వర్గం మీదికి దృష్టి పోవాలి. పైత్యరసం, ఎస్కులిన్ కలిపిన ప్లేటు మీద అది హాయిగా పెరిగి చుట్టూ నల్లగా చేస్తుంది. వాంకోమైసిన్‌కు లొంగక, తక్కిన రెండింటికీ లొంగి, రెండు కొసలూ సూదిలా సన్నబడిన కడ్డీ అయితే ఫ్యూజోబ్యాక్టీరియం కావచ్చు. గుడ్డు పచ్చసొన కలిపిన ప్లేటు మీద గీత చుట్టూ తెల్లని మబ్బు కమ్మితే, అందులో సగభాగం మీద ముందే ప్రతివిషం పూసి ఉంచినచోట మబ్బు కమ్మకపోతే, అది గ్యాస్ గ్యాంగ్రీన్ తెచ్చే క్లాస్ట్రిడియం పెర్‌ఫ్రింజెన్స్ అని బలంగా అనుమానించవచ్చు. మా బావగారి కండముక్క ప్లేటును చీకటిగదిలో అతినీలలోహిత దీపం కింద పెట్టినప్పుడు ఆ చిన్నచిన్న కాలనీలు ఇటుక ఎరుపులో నిప్పుకణికల్లా వెలిగాయని అక్కడి టెక్నీషియన్ నాతో చెప్పాడు. మరో నాలుగు రోజులకు అవే నల్లబడ్డాయి. రక్తంలోని హీమ్ అనే ఇనుముతో కూడిన పదార్థాన్ని తీసుకుని రంగు కట్టే ప్రివొటెల్లా వర్గం అది. రెండవది గొలుసులుగా అమరే అవాయు కాకస్, అంటే గుండ్రని క్రిమి. మొదటి రిపోర్టు పై భాగంలో సూక్ష్మదర్శిని చూపించినవి సరిగ్గా ఈ రెండే.

పేర్లు మారడం గురించి వైద్యులు తరచుగా విసుక్కుంటారు. ఒకప్పుడు బ్యాక్టీరాయిడ్స్ అన్న ఒకే గంపలో వేసిన క్రిములలో కొన్నిటిని 1988లో పోర్ఫిరోమోనాస్‌గా, 1990లో ప్రివొటెల్లాగా విడదీశారు. క్లాస్ట్రిడియం డిఫిసిలే 2016లో క్లాస్ట్రిడియాయిడిస్ డిఫిసిలే అయింది. ఇది పండితుల పట్టింపు కాదు. రూపాన్ని బట్టి ఒకచోట చేర్చినవి జన్యువుల్లో ఎంత దూరపు బంధువులో తెలిసేకొద్దీ, ఏది ఏ మందుకు లొంగుతుందో కూడా స్పష్టపడుతూ వచ్చింది. ఇప్పుడు మాల్డి టాఫ్ యంత్రం కాలనీలోని ప్రొటీన్ల బరువులను కొలిచి నిమిషాల్లో పేరు చెబుతుంది. కానీ ఆ యంత్రానికి కూడా ముందు ఒక కాలనీ కావాలి. కాలనీ కావాలంటే గాలి తగలని నమూనా, తెల్లబడిన కాగితం ఉన్న జార్ కావాలి.

ఈ శ్రమంతా ఎందుకు, అనుమానం ఉన్నచోట మెట్రోనిడజోల్ ఇస్తే సరిపోదా అని అడిగే వైద్యులు ఉన్నారు. ఆ ప్రశ్నలో న్యాయం ఉంది. ప్రాణం మీదికి వచ్చిన రోగికి వారం తరువాత వచ్చే రిపోర్టు కోసం ఎవరూ ఆగరు, ఆగకూడదు. అయితే ఆక్టినోమైసిస్ వంటి క్రిములు మెట్రోనిడజోల్‌కు స్వభావసిద్ధంగానే లొంగవు. బ్యాక్టీరాయిడ్స్ ఫ్రాజిలిస్ పెన్సిలిన్‌ను విరిచే ఎంజైమును తయారుచేస్తుంది. అమికాసిన్, జెంటామైసిన్ వంటి మందులు కణంలోకి పోవడానికే ఆక్సిజన్ మీద ఆధారపడిన మార్గం కావాలి గనుక, రోగికి ఇవ్వగల మోతాదుల్లో ఈ క్రిముల మీద పనిచేయవు. మెట్రోనిడజోల్‌కు కూడా ఎదురునిలిచే జన్యువులను ఈ క్రిములలో కనుగొన్నారు. మన ప్రాంతపు రోగుల్లో ఏ మందు ఎంతవరకు పనిచేస్తోందో మన ప్రాంతపు నమూనాలను పెంచి చూస్తేనే తెలుస్తుంది. ఇంతకూ మా బావగారి విషయంలో జరిగింది మందు ఇవ్వకపోవడం కాదు. ఇస్తున్న మందును, పెరుగుదల లేదన్న మాటను నమ్మి ఆపివేయడం.

గుంటూరు వైద్య కళాశాల 1946 నుంచి ఉంది, విజయవాడలో సిద్ధార్థ వైద్య కళాశాల 1980 నుంచి ఉంది, మధ్యలో మంగళగిరిలో ఎయిమ్స్ వచ్చింది. గుంటూరు కొత్తపేటలోనూ, విజయవాడ సూర్యారావుపేటలోనూ వీధివీధికీ నర్సింగ్ హోములున్నాయి. ప్రతి నర్సింగ్ హోమూ జార్ పెట్టుకోవాలని నేను కోరడం లేదు, అది సాధ్యమూ కాదు. సరైన రవాణా గొట్టంలో పంపితే చీము ఒకరోజు దాకా నిలుస్తుంది. ఈ రెండు నగరాల మధ్య ప్రయాణం గంట, గంటన్నర. కాబట్టి చుట్టుపక్కల చిన్న ఆసుపత్రుల నుంచి వచ్చే నమూనాలను కూడా బోధనాసుపత్రుల సూక్ష్మజీవశాస్త్ర విభాగాలు స్వీకరించే ఏర్పాటును, అందుకు కావలసిన గొట్టాలను, పొట్లాలను వైద్య ఆరోగ్యశాఖ సమకూర్చాలని కోరుతున్నాను.

అంతదాకా ఖర్చులేని పని ఒకటి రేపటినుంచే చేయవచ్చు. గాలిలో మాత్రమే పెంచి చూసిన ప్రయోగశాల తన రిపోర్టులో ఆ మాట రాయాలి: "గాలి సమక్షంలో 48 గంటలకు పెరుగుదల లేదు, అవాయు కల్చర్ చేయలేదు." సూక్ష్మదర్శినిలో క్రిములు కనిపించి, ప్లేటుమీద పెరగకపోతే, అవాయు క్రిములు ఉండవచ్చునని మరొక వాక్యం చేర్చి, వైద్యుడికి ఫోన్ చేసి చెప్పాలి. గ్రామ్ స్టెయిన్ చేయడానికి పావుగంట చాలు. రిపోర్టు అందుకున్న రోగి బంధువులు కూడా, పెరుగుదల లేదన్న మాట చూసి ఊపిరి పీల్చుకునే ముందు, ఈ చీమును గాలి లేకుండా పెంచి చూశారా అని వైద్యుడిని మర్యాదగా అడగవచ్చు. ప్రయోగశాలలో పుట్టి పెరిగినవాణ్నయి ఉండి కూడా ఆ రోజు ఆసుపత్రి వరండాలో కాగితం చేతికి రాగానే నేను కింది భాగమే ముందు చదివాను. పై భాగాన్ని చదివేసరికి మూడు రోజులు గడిచాయి.

ఇట్లు,
విశ్రాంత ల్యాబ్ టెక్నీషియన్,
బ్రాడీపేట, గుంటూరు